కొండగట్టు క్రింద లవకుశ

కరీంనగరమునుండి జగిత్యాలకు పోవు బాటలో సుమారు ముప్పదియైదు కిలోమీటర్లు సాగినచో రాతిగుట్టల నడుమ కొండగట్టు కనబడును. లక్ష్మణుడు మూర్ఛిల్లినపుడు ఆంజనేయుడు సంజీవనీ పర్వతమును మోసికొని పోవుచుండగా అందుండి ఒక ముక్క విరిగి ఇచట పడెననియు, అదియే ఈ కొండయైనదనియు ఆ ప్రాంతమువారు చెప్పుదురు. చైత్ర పౌర్ణమికి, మరల వైశాఖ బహుళ దశమికి హనుమజ్జయంతి పేర దీక్షాపరులు వేలకు వేలుగా ఈ కొండకు వత్తురు. అట్టి దినములలో ఒకనాటి రాత్రి కొండక్రింది పల్లెలో ఆరుబయట తెల్లగుడ్డ కట్టి ‘లవకుశ’ చిత్రమును ఆడించుచుండగా మేమును జనములో కూర్చుండి చూచితిమి.

1963 మార్చి 29న విడుదలయైన చిత్రమది. అచట చేరినవారిలో సగమునకు పైగా అటు తరువాత పుట్టినవారే. అయినను తెరమీది పాత్ర నోరు తెరవకమునుపే నేలమీది వారు ఆ మాటను పలుకుచుండిరి. ఆంజనేయుడు కనబడినప్పుడు కాషాయము కట్టిన దీక్షాపరులు చేతులు జోడించిరి. మా ప్రక్కనున్న వృద్ధురాలు, సీత అడవిపాలగు ఘట్టము ఇంకను దూరముననుండగనే కొంగు కన్నుల కద్దుకొన నారంభించెను. “ఇంక రాలేదు కదనే అమ్మమ్మా” అని మనుమడు అడిగెను. “అస్తది బిడ్డా, నాకెరుకే” అని ఆమె తెర వంకనుండి చూపు మరల్చకయే బదులు చెప్పెను.

ఆమె చూచుచున్నది ఆ రాత్రి గుడ్డమీద ఆడిన బొమ్మ మాత్రమే కాదు. పూర్వము ఎచటనో డేరాలో చూచినది, రేడియోలో విన్నది, తల్లి నోట విన్నది, అన్నియు కలిసిన చిత్రమును ఆమె చూచుచుండెను. మన ప్రజల మనసులో పాత చిత్రములు ఇట్లు పదిలముగానే ఉన్నవి. ఆ చిత్రములు నిజముగా ఎచటనైన పదిలముగా ఉన్నవా అను ప్రశ్న వేరు. ఈ రెంటిని ఒకటిగా భావించుటవలననే మనము చాల పోగొట్టుకొంటిమని మా అభిప్రాయము.

ముందు లవకుశ సంగతియే చూతము. తెలుగున ఈ పేరుతో వచ్చిన మొదటి చిత్రము ఇది కాదు. 1934లోనే చిత్తజల్లు పుల్లయ్యగారు కలకత్తాలో ఈస్టిండియా ఫిలిం కంపెనీవారికి ‘లవకుశ’ తీసిరి. పారుపల్లి సుబ్బారావు శ్రీరాముడు; శ్రీరంజని సీత. పల్లెలవారు బండ్లు కట్టుకొని పట్టణములకు వచ్చి ఆ చిత్రమును చూచిరని ప్రతీతి. సుమారు పాతికేండ్ల తరువాత ఆ పుల్లయ్యగారే అదే కథను రంగులలో తీయ మొదలిడిరి. నిర్మాత శంకరరెడ్డిగారికి నడుమ ధనము చాలక పని నిలిచిపోయెను. మరల సాగునప్పటికి పుల్లయ్యగారి ఆరోగ్యము సరిగా లేకుండుటచే కుమారుడు సి. ఎస్. రావుగారు దర్శకత్వమును చేపట్టి పూర్తిచేసిరి. 1958లో మొదలైన చిత్రము 1963కు గాని వెలుగు చూడలేదు. ఇన్నేండ్ల వ్యవధిలో పసివారైన లవకుశుల రూపములు మారకుండునా అని నేడు మనకు సందేహము కలుగును గాని, తెరమీద చూచునపుడు ఆ తలంపే రాదు. ఆ బాలుర నోట పలికినవి పి. లీల, పి. సుశీలగార్ల గళములు. ఘంటసాలగారి సంగీతము. రాముడు నందమూరి తారకరామారావు, సీత అంజలీదేవి, వాల్మీకి నాగయ్యగారు. లక్ష్మణుడుగా నటించిన కాంతారావు తెలంగాణపు బిడ్డ. కోదాడ దగ్గరి గుడిబండ ఆయన స్వగ్రామము.

తెలుగున మొదటి సంపూర్ణ వర్ణచిత్రము ఇదియే. గేవాకలర్ అను బెల్జియము దేశపు ఫిలిముపై తీసిరి. చిత్రము ఎట్లు నిలుచును, ఎట్లు నశించును అను విషయమునకు ఇచటనే మూలమున్నది గనుక కొంచెము వివరింతుము.

నలుపు తెలుపు ఫిలిముమీద బొమ్మ వెండితో ఏర్పడును. కంటికి కనబడనంత చిన్నవైన వెండి రేణువులు వెలుతురు సోకినచోట నల్లబడి బొమ్మయగును. రంగుల ఫిలిములో ఈ వెండిని కడిగివేసి, దాని స్థానమున పసుపు, ఎరుపు, నీలి ఛాయలుగల మూడు అద్దకములను నిలుపుదురు. వెండి చాలకాలము నిలుచును. అద్దకము చీర రంగువలె వెలయును. మన ఎండలకు, ఉక్కకు మరియు త్వరగా వెలయును. మూడును ఒకే వేగముతో వెలసినను కొంత నయమే. పెక్కు పాత ప్రతులలో నీలిఛాయ ముందుగా పోయి, చెట్లు, ఆకాశము, మనుష్యుల ముఖములు అన్నియు గులాబిరంగుగా మిగులుచున్నవి. 1957నాటి ‘మాయాబజార్’లో మార్కస్ బార్ట్లీగారు పట్టిన వెన్నెల నలుపు తెలుపులలో నేటికిని చల్లగా నుండుటకు వెండియే కారణము. ఆ చిత్రమునకు 2010లో యంత్రసహాయముతో రంగులు వేసి విడుదల చేసిరి. దానిని మెచ్చినవారు కలరు. ఆ వెన్నెలకు రంగు అక్కరలేదని మా బోటివారు అనుకొందురు.

లవకుశ నిడివి దాదాపు మూడున్నర గంటలు. మాటలాడు చిత్రము క్షణమునకు ఇరువదినాలుగు బొమ్మల చొప్పున నడుచును గనుక, ఆ రాత్రి మా కన్నులయెదుట సుమారు మూడు లక్షల బొమ్మలు గడచినవన్నమాట. వేయి అడుగుల రీలు పదకొండు నిమిషములకు అయిపోవును. ఆ లెక్కన ఇట్టి చిత్రమునకు పందొమ్మిది రీళ్ళు. కొండగట్టు క్రింద మేము చూచినదానికి రీళ్ళే లేవు. ఒక చిన్న యంత్రము, దానికి తగిలించిన కంప్యూటరు, రెండు స్పీకర్లు ఉన్నవి. పూర్వపు టూరింగు టాకీసు ఎరిగినవారికి ఇది వింతగా తోచును.

టూరింగు టాకీసన నేమో ఈతరము పిల్లలకు చెప్పవలసియున్నది. జాతర సాగుచోటనో, సంత జరుగు ఊరిలోనో డేరా వేసి, లైసెన్సు గడువు తీరువరకు చిత్రములు ఆడించి, పిమ్మట డేరా విప్పి మరియొక ఊరికి పోవు సినిమా అది. విద్యుత్తు లేనిచోట ఆయిలింజను నడిపి కరెంటు పుట్టించెడివారు. యంత్రములో రెండు బొగ్గుకడ్డీల కొనలమధ్య కరెంటు దూకి కన్నులు మిరుమిట్లు గొలుపు వెలుగు నిచ్చును. కడ్డీలు కాలుచు తరుగుచుండును గనుక ఆపరేటరు క్షణక్షణము వానిని దగ్గరకు జరుపుచుండవలెను. ఏమరుపాటున తెర ఎర్రబారినచో నేల టిక్కెట్టువారి ఈలలే హెచ్చరిక. పట్టణపు హాలులో రెండు యంత్రములుండి, ఒకదానిలో రీలు ముగియగానే రెండవది అందుకొనును. డేరాలో తరచు ఒకటే యంత్రము. కావున ప్రతి రీలు చివర ఆట ఆగును, దీపము వెలుగును, పల్లీలవాడు తిరుగును. సీత అడవిలో నిలిచిన చోటనే రీలు ముగిసెనా, జనము ఆ దుఃఖముతోనే అయిదు నిమిషములు కూర్చుండవలసినదే. ఆట మొదలగుటకు ముందు ఘంటసాలగారి ‘నమో వెంకటేశా’ రికార్డు మోగినంతనే ఊరిలో వంటలు ముగించుకొని జనము బయలుదేరెడివారు.

చిత్రముల వ్యాపారములో కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలు ‘నైజాం ఏరియా’ లోనివి. నిజాము రాజ్యము 1948లో అంతరించినది. 1956లో ఆంధ్రప్రదేశము, 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడినవి. జిల్లాలే చీలి కొండగట్టు జగిత్యాల జిల్లాకు చేరినది. అయినను చిత్రము కొని ఆడించువారి పద్దులలో నైజాము చెక్కుచెదరలేదు. దత్తమండలములు ‘సీడెడ్’గానే మిగిలియున్నవి. పాత రాజ్యములకు నిలుకడ సినిమావారి లెక్కలలోనే దొరకినది కాబోలు! మొదటి ప్రతులు పెద్ద పట్టణములకు పోయెడివి. అచట ఆడి, గీతలు పడి, తెగినచోట అతుకులు వేసిన ప్రతి చిన్న ఊళ్ళకు, తుదకు డేరాలకు వచ్చెడిది. అనగా మన పల్లెలవారు పెక్కుమంది చూచిన చిత్రము, దర్శకుడు తీసిన చిత్రముకంటె కొన్ని అడుగులు పొట్టిది.

నైజాముకు సినిమాతో సంబంధము ఇంతకంటె పాతది. ధీరేన్ గంగూలీ అను బెంగాలీ కళాకారుడు 1922లో హైదరాబాదున లోటస్ ఫిలిం కంపెనీని స్థాపించి మూకీచిత్రములు తీసెను. ‘రజియా బేగం’ అను చిత్రమును ప్రదర్శించినందుకు నిజాము ప్రభువునకు ఆగ్రహము కలిగి, 1924లో ఆయన రాజ్యము విడిచి పోవలసివచ్చెను. అంతటితో ఆ కంపెనీ కథ ముగిసినది. ఆ ఆజ్ఞ వెలువడకున్నచో హైదరాబాదు చిత్రపరిశ్రమ వయస్సు ఇంకెంత ఉండెడిదో ఊహించుకొనవచ్చును.

ఇక కరీంనగరము సంగతి. 1909 సెప్టెంబరు 28న ఆ ఊర పుట్టిన పైడి జయరాజ్ హైదరాబాదులో నిజాం కళాశాలలో చదివి, 1929 ప్రాంతమున బొంబాయి చేరి మూకీలలో కథానాయకుడయ్యెను. 1932లో ‘షికారీ’తో టాకీలలో అడుగిడెను. అమర్‌సింగ్ రాథోడ్, పృథ్వీరాజ్ చౌహాన్, రాణాప్రతాప్, టిప్పు సుల్తాన్, చంద్రశేఖర ఆజాద్ వంటి చారిత్రక పాత్రలకు పెట్టినది పేరయ్యెను. 1951లో ‘సాగర్’ అను చిత్రమును తానే నిర్మించి దర్శకత్వము వహించెను. 1980 సంవత్సరమునకు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము ఆయనకు లభించినది. 2000 ఆగస్టు 11న ముంబయిలో స్వర్గస్థుడయ్యెను. హిందీ చిత్రములలోనే జీవితము గడపుటచే తెలుగువారికి ఆయన దూరపు చుట్టమువలె నుండిపోయెను. నేడు హైదరాబాదు రవీంద్రభారతిలోని ప్రివ్యూ థియేటరుకు ఆయన పేరు పెట్టియున్నారు. థియేటరు కలదు, పేరు కలదు. ఆయన యౌవనమున నటించిన మూకీలను అందు వేసి చూపుదమన్న, మూకీలనాటి చిత్రములు దేశములోనే పిడికెడు.

ఈ మాట అతిశయోక్తి కాదు. మన దేశమున మూకీల కాలములో 1,300కు పైగా చిత్రములు తయారైనవి. వానిలో మిగిలినవి ముప్పది లోపే; అందును కొన్ని తునకలు మాత్రమే. ఫాల్కేగారి 1913నాటి ‘రాజా హరిశ్చంద్ర’ సైతము పూర్తిగా దక్కలేదు. రఘుపతి వెంకయ్యగారి కుమారుడు ప్రకాశ్ 1921లో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ లేదు. మొదటి భారతీయ టాకీ, 1931నాటి ‘ఆలం ఆరా’ లేదు. మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ లేదు. ఎల్. వి. ప్రసాద్‌గారు ‘ఆలం ఆరా’లోను, తమిళమున మొదటిదగు ‘కాళిదాస్’లోను, ‘భక్త ప్రహ్లాద’లోను చిన్న పాత్రలు ధరించిరి. మూడు భాషల తొలి పలుకులలో పాలుగొన్న ఆ యువకుని ముఖము వానిలో ఎట్లుండెనో చూచు భాగ్యము మనకు లేదు.

భక్త ప్రహ్లాద కథ మరికొంత చెప్పదగినది. హెచ్. ఎం. రెడ్డిగారు సురభి నటులను బొంబాయికి పిలిపించి, ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి నాటకము నాధారముగా గొని ఆ చిత్రమును తీసిరి. మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు, సురభి కమలాబాయి లీలావతి, సింధూరి కృష్ణారావు అను బాలుడు ప్రహ్లాదుడు. ఇది 1931 సెప్టెంబరు 15న విడుదలయైనదని దశాబ్దములపాటు పుస్తకములన్నిట వ్రాసిరి, సభలలో చెప్పిరి. పాత్రికేయులు రెంటాల జయదేవ ఆనాటి పత్రికలను, సెన్సారు దాఖలాలను వెదకి, బొంబాయిలో సెన్సారు ధ్రువపత్రము లభించినది 1932 జనవరి 22న అనియు, అచటి కృష్ణా సినిమాలో ప్రదర్శన మొదలైనది 1932 ఫిబ్రవరి 6న అనియు నిరూపించిరి. చిత్రమే ఉండినచో దాని మొదటి అడుగులలోనున్న సెన్సారు పత్రమును చూచి ఎవరైనను ఒక్క నిమిషములో తేల్చవలసిన విషయమిది. చిత్రము లేకపోవుటచే పుట్టినరోజు సైతము తారుమారైనది. కొండగట్టుకు ఉత్తరమున, అదే జిల్లాలో, ధర్మపురి నరసింహస్వామి కొలువున్న క్షేత్రము కలదు. ఆ స్వామి కథను తెలుగు మాటలలో మొట్టమొదట తెరపై పలికించిన చిత్రమును ఆ క్షేత్రమున ఒక్క రాత్రి వేయుటకు నేడు వీలులేదు.

ఇన్ని చిత్రములు ఎట్లు పోయినవి? కొంత వస్తుదోషము. 1951 ప్రాంతమువరకు ఫిలిమును సెల్యులోజ్ నైట్రేటుతో చేసెడివారు. దూదినుండి పుట్టిన ఈ పదార్థము ప్రేలుడు మందునకు దగ్గరి చుట్టము. మంటకు కావలసిన ప్రాణవాయువు దానిలోనే ఉండుటచే ఒకసారి అంటుకొన్నచో నీటిలో ముంచినను ఆరదు. కాలకుండ మిగిలినను ముందు జిగటయై, తుదకు గోధుమరంగు పొడియై పోవును. తరువాత వచ్చిన ఎసిటేటు ఫిలిము మంటకు జడియదు గాని వేడికిని తేమకును జడియును. డబ్బా మూత తీయగనే సిర్కా వాసన వచ్చినచో ఆ రీలు ముడుచుకొని పోవుచున్నదని గుర్తు. ఆ వాయువు ప్రక్క డబ్బాలకును తెగులు తగిలించును.

మిగిలినదంతయు మనుష్యదోషమే. ఆడిన చిత్రము మరల ఆడదని నిర్మాతల నమ్మకము. గోదాము అద్దె దండుగ. ఫిలిములో వెండి కలదని ముందే చెప్పితిమి. పాత రీళ్ళను తూకమునకు కొని, కడిగి, వెండి తీసికొనువారు వచ్చిరి. నిర్మాతలను మేము మరీ నిందింపజాలము. అప్పులవారు వాకిట నిలిచియున్నప్పుడు, ఇరువది పెట్టెల పాత ఫిలిమును భావితరములకొరకు దాచుమని చెప్పుట తేలిక, దాచుట కష్టము. అది ప్రభుత్వము, సంస్థలు పూనుకొనవలసిన పని. ఆ పని మన దేశమున 1964లో గాని మొదలు కాలేదు. ఆ సంవత్సరము పూనాలో జాతీయ చలనచిత్ర సంగ్రహాలయము ఏర్పడెను. పి. కె. నాయర్ అను ఆయన దానిలో చేరి, ఇంటింటికి, గోదాము గోదామునకు తిరిగి డబ్బాలు పోగుచేసెను. మూకీలలో నేడు మిగిలినవాని వెనుక ఆయన శ్రమ ఎంతయో కలదు. అచటనైనను నైట్రేటు ఊరకుండలేదు. 2003 జనవరిలో పూనాలో నిలువయున్న నైట్రేటు రీళ్ళు అగ్నికి ఆహుతియైనవి. 2022లో ఆ సంగ్రహాలయము జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలిసినది. పాత చిత్రములను శుభ్రపరచి కంప్యూటరులోని కెక్కించు పని సాగుచున్నది.

కంప్యూటరులోని కెక్కినచో ఇక భయము లేదుగదా అని చాలమంది అనుకొందురు. కొండగట్టు క్రింద చూపినది అట్టి ప్రతియే. అందు గీతలు లేవు, అతుకులు లేవు. కాని రాజభవనపు ఘట్టములలో పట్టుబట్టల మెరుపు చదునైయున్నది, అడవిలో నీడలు మసియై కలిసిపోయినవి. ప్రతికి ప్రతి తీసి, దానిని మరల కుదించిన ఫలమది. మూల నెగటివునుండి జాగ్రత్తగా ఎత్తిన ప్రతి వేరుగా నుండును. ఈ యంత్రములైనను కొన్నియేండ్లకొకసారి మారిపోవుచున్నవి గనుక, ఎప్పటికప్పుడు క్రొత్తదానిలోనికి ఎత్తుచుండనిచో అవియు మూగవోవును. చల్లని పొడిగదిలో పెట్టిన నలుపు తెలుపు రీలు నూరేండ్ల తరువాత తెరచి చూచినను, దీపమునకు అడ్డము పట్టుకొన్నంతనే బొమ్మ కనబడును. యే యంత్రము అక్కరలేదు.

రేడియో శ్రోతలకు ఈ విషయమున ఒక ప్రత్యేక స్థానము కలదు. చిత్రములోని మాటలను, పాటలను గంటసేపటికి కుదించి ‘సంక్షిప్త శబ్దచిత్రము’ పేర ఆకాశవాణి ప్రసారము చేసెడిది. థియేటరు లేని పల్లెలలో చాలమంది చిత్రములను మొదట విన్నవారే, పిమ్మట చూచినవారు. ఆ అమ్మమ్మవంటివారికి సంభాషణలు కంఠస్థమగుటకు అదియు ఒక కారణము. గ్రామఫోను రికార్డులు, ఆ ప్రసారములు చెవికి సంబంధించిన భాగమును చాలవరకు కాపాడినవి.

కంటికి సంబంధించినవానిలో ఇండ్లలో ఇంకను దొరకునవి పాటల పుస్తకములు. సినిమా హాలు వాకిట అణాకో, బేడకో అమ్మిన పలుచని పుస్తకములవి. అట్ట మీద బొమ్మ, లోపల నటీనటుల పేర్లు, పాటలు, కథాసంగ్రహము ఉండును. కథను రసవత్తరమైన చోటికి తెచ్చి, ‘శేషము వెండితెరపై చూడుడు’ అని ముగించుట ఆనాటి పద్ధతి. చిత్రము నశించినచోట పాత్రధారుల పేర్లకు, పాటల వరుసకు నేడు ఆ పుస్తకమే ప్రమాణము. ట్రంకుపెట్టె అడుగున అట్టివి కనబడినచో, పిన్నులు తీసివేసి (త్రుప్పు కాగితమును తినివేయును), అట్టనుండి అట్టవరకు ప్రతి పుటకును ఛాయాచిత్రము తీయించి ఉంచుట మంచిది. పూనా సంగ్రహాలయము పాటల పుస్తకములను, గోడపత్రికలను, స్థిరచిత్రములను సైతము సేకరించుచున్నది. 1950కు ముందటివి, అందును హైదరాబాదు రాజ్యములో అచ్చయినవి దొరకినచో పారవేయక వారికి జాబు వ్రాయుడు.